కుట్టి చూడని సాక్ష్యం

మా క్రైస్తవ సంఘంలో ఎవరు ఏ వస్తువు కొన్నా అది ఇంటికి పోకముందు మందిరానికి వచ్చేది. సైకిలు వచ్చేది, గోడగడియారం వచ్చేది, కిరసనాయిలు స్టవ్వు వచ్చేది. ఒకసారి ఒక అవ్వ కొన్న పాడి ఎనుము కూడా వచ్చింది. దాన్ని వాకిట్లో కట్టేసి ఉంచితే పాస్టరు అయ్యగారు మెట్లు దిగి వచ్చి, నొసటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక కొన్నవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుణ్ణి ఎట్లా అడిగిందీ, ఆయన ఎట్లా ఇచ్చిందీ చెప్పాలి. ఆ తరువాతే వస్తువును వాడుకునేవాళ్ళం. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. కానీ ముందే వాడేస్తే దేవుని ముందు ఎంగిలి వస్తువు పెట్టినట్టేనని అందరమూ అనుకునేవాళ్ళం.

పెళ్ళయి ఆళ్లగడ్డకు వచ్చిన కొన్నేళ్ళకు, డెబ్బైల చివర్లో, నేను కుట్టుమిషను కొన్నాను. నంద్యాలలో బాలికల హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడే నాకు కుట్టుపని వచ్చు. మా ఆయన రైసుమిల్లులో హమాలీ. వడ్లు వచ్చే కాలంలో చేతినిండా పని, ఎండాకాలం మిల్లు మూత. ఆ నెలల్లో మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే నా చేతిలో ఏదో ఒక పని ఉండాలి.

నంద్యాలలో ఒక అంగడివాళ్ళు నెలనెలా కట్టే కంతుల మీద మిషన్లు ఇస్తారని విని ఇద్దరమూ బస్సెక్కి పోయాం. మిషను నల్లగా నిగనిగలాడుతోంది. చక్రం మీద చెయ్యి వేశాను. దారం ఎక్కించి ఒక గుడ్డముక్క మీద నడిపి చూడాలనిపించింది. హాస్టల్లో మాకు మొదట నేర్పింది అదే. అంగడాయన నా చెయ్యి చూశాడు.

"నడిపి చూడాల్నా అమ్మా?"

"వద్దులే అన్నా. ముందు మా గుడిలో ప్రార్థన చేపించాల," అన్నాను.

"మంచి పద్ధతమ్మా. అట్లనే కానీ," అన్నాడు.

ఆ మెచ్చుకోలు నాకు చాలా బాగా అనిపించింది. కంతుల మీద కొనేవాళ్ళం, నలుగురిలో గుచ్చి గుచ్చి అడిగే నోరు మాకెక్కడిది అనే బెరుకు కూడా లోపల ఉండింది. ఆ బెరుకును కూడా నేను భక్తి ఖాతాలోనే వేసుకున్నాను.

ఆదివారం పొద్దున మొదటి బస్సు మీద మిషను ఆళ్లగడ్డకు వచ్చింది. దానితో పాటు అంగడి మనిషి వచ్చాడు. మిషను బిగించి ఇచ్చేదీ, నెలనెలా వచ్చి కంతు వసూలు చేసుకునేదీ అతనే. ప్రసంగపీఠం పక్కన బిగించి పోబోతుంటే సంఘపెద్దలు ఆపి, టీ ఇచ్చి, వెనక చాప మీద కూర్చోబెట్టారు. ఒక ఆత్మ వాక్యం వింటుందని మా ఆశ. అతను చివరిదాకా కూర్చుని విన్నాడు. నేను లేచి, "ఈ మిషను అంగడోళ్ళిచ్చింది గాదు. నా దేవుడిచ్చినాడు," అని సాక్ష్యం చెప్పాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంఘమంతా స్తోత్రం అన్నారు.

సోమవారం ఒక లంగా కుట్టబోతే, పై దారం తెగుతోంది, కింద దారం ఉండకడుతోంది. నాలుగు కుట్లు పడితే రెండు తప్పుతున్నాయి. సూది మార్చాను, నూనె పోశాను. లోపల దుమ్మేమైనా పట్టిందేమోనని గుడ్డను కిరసనాయిల్లో ముంచి తుడిచాను. గుడ్డకు నల్లరంగు అంటింది. ఇంకా తుడిస్తే నలుపు కింద అరిగిపోయిన బంగారురంగు పూలతీగె బయటపడింది. ఎవరింట్లోనో ఏళ్ళ తరబడి కుట్టి అరిగిపోయిన మిషను అది. పైన రంగు పూసి కొత్తదని మాకు అంటగట్టారు.

మా ఆయన మిల్లు నుంచి వచ్చి ఆ గుడ్డను చూశాడు. "ఏందే ఇది?"

"మిషను పాతదప్పా. రంగేసినారు."

"అయితే బేగా పా, వాని అంగట్లోనే పడేసొద్దాం."

"ఎట్ల పడేస్తావ్? నిన్ననే గదా దేవుడిచ్చినాడని అందరి ముందర చెప్పింటి. ఈ పొద్దు చెడిపోయిందంటే దేవునికి చెడ్డపేరు గాదా?"

"మరి కంతు?"

"కడదాం."

"కుట్టనిదానికి కంతు కట్టేది యాడన్నా ఉందే?" అని ఆయన కండువా దులుపుకుని స్నానానికి పోయాడు.

ఎవరైనా మిషను ఎట్లా నడుస్తోందని అడిగితే "దేవుని కృప" అనేదాన్ని. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఒప్పుకున్న బట్టలను మధ్యాహ్నాలు తలుపు వేసుకుని చేత్తో కుట్టేదాన్ని, మిషను కుట్టులాగా కనబడాలని దగ్గర దగ్గరగా. మధ్యమధ్య లేచి, దారం లేకుండా ఊరికే మిషను తొక్కేదాన్ని, పక్కిళ్ళకు చప్పుడు వినబడాలని. ఆ రోజుల్లోనే నేను చదివించే ఆదివారపు బడి పిల్లలకు, సంచిలో పెద్దరాయి ఒకటి చిన్నరాయి ఒకటి పెట్టుకుని తూచకూడదన్న ధర్మశాస్త్రపు ఆజ్ఞ పాఠంగా వచ్చింది. చెప్తున్నంతసేపూ నా ఇంటి ఉత్త చప్పుడే నా చెవుల్లో ఉండింది.

నెలనెలా కంతు కడుతూనే వచ్చాను. వేళ్ళు కుట్లతో బొబ్బలెక్కాక, ఆ నల్లగుడ్డను సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే నంద్యాలకు పోయాను.

"ఏమ్మా, కంతు ఈడికే తెచ్చినావా?" అన్నాడు అంగడాయన.

"కంతు గాదన్నా. మిషను పాతది. చూడు, రంగు ఎట్ల వచ్చిందో."

ఆయన గుడ్డను వేలితో కూడా తాకలేదు. "పొయ్యి తుడిచిన గుడ్డ తెచ్చి నాకు చూపిస్తే నేనేం చెప్పాల?"

"నీ మిషను తుడిచిన గుడ్డే అన్నా."

"నా మిషనా?" అని వసూళ్ళ మనిషి వైపు తిరిగాడు. "ఏమప్పా, ఆ పొద్దు గుడిలో ఈమె ఏమనింది?"

"అంగడోళ్ళిచ్చింది గాదు, దేవుడిచ్చినాడనిందన్నా."

"ఇన్నావా తల్లీ? నేనిచ్చింది గాదంట. ఇచ్చినాయన్నే అడుగుపో."

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బట్టలు కొనడానికి వచ్చి పక్క అంగడి ముందు నిలబడినవాళ్ళు కూడా ఏమిటో తెలియకుండానే నవ్వారు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బస్టాండు దాకా నడిచాను. మోసపోయిన సిగ్గు ఒకటుంది, అది ఓర్చుకోవచ్చు. ఆ నవ్వులో నలిగింది నా దేవుని పేరు, దాన్ని అక్కడ పెట్టింది నా నోరు. ఆ సిగ్గును ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆ నెల కంతు కట్టలేదు. మిషను మార్చేదాకా కట్టేది లేదని మా ఆయన వసూళ్ళ మనిషితో చెప్పాడు. అతను మా అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వీధికంతా వినబడేట్టు అందుకున్నాడు.

"మిషనేమో దేవుడిస్తాడంట! దుడ్లడిగితే మొగం చాటేస్తారంట! ఓయమ్మా, బయటికి రా. నీ సాక్ష్యం ఇంగోసారి చెప్పు, మీ వీధోళ్ళు గూడా వింటారు!"

నేను తలుపు వెనక నిలబడ్డాను. పోతూ పోతూ అతను అన్నాడు, "ఆదివారం మీ గుడికే వస్తాండా. ఇంగో మిషను తెచ్చేది ఉండాది. అందరి ముందర ఆడనే అడుగుతా."

ఆ ఇంకో మిషను ఎవరు కొంటున్నారో సాయంత్రానికి తెలిసింది. మా సంఘంలోనే కొత్తగా పెళ్ళయిన పిల్ల, నన్ను వదినా అని పిలిచేది. మొదటి కంతు కోసం చెవికమ్మలు కుదవ పెట్టింది. వాళ్ళింటికి పోయి నల్లగుడ్డ చూపించాను.

"తీసుకోవద్దే. పాతవాటికి రంగేసి అమ్ముతాండారు."

ఆ పిల్ల బోడిచెవులతో నా వైపు చూసింది. "మరి గుడిలో అట్ల చెప్పినావే వదినా? కంతు కట్టల్యాక అంటాండావని వసూళ్ళకొచ్చే ఆయప్ప అన్నాడు. నాకు ఎవరిది నమ్మాల్నో తెలీకుండా ఉండాది."

చెప్పిన చోటనే మళ్ళీ చెబితే తప్ప ఆ మాట పోదని అప్పుడు అర్థమైంది.

ఆదివారం ప్రసంగపీఠం పక్కన ఇంకో మిషను నల్లగా మెరుస్తోంది. వసూళ్ళ మనిషి వెనక చాప మీద, కిందటిసారి కూర్చున్న చోటే కూర్చున్నాడు. సాక్ష్యాల సమయం రాగానే ఆ పిల్ల లేవబోయింది. నేను ముందు లేచాను.

"అయ్యగారూ, నేను పోయినసారి ఈడ నిలబడి చెప్పిన సాక్ష్యం కుట్టి చూడకుండా చెప్పినా. ఆ మిషను పాతది. నేను చేత్తో కుట్టిన బట్టలు మిషను కుట్టేనని చెప్పి మీకిచ్చినా. ఉత్తచప్పుడు చేసినా. మార్చిచ్చేదాకా కంతు కట్టను."

వసూళ్ళ మనిషి లేచాడు. "కంతు ఎగ్గొట్టే ఉపాయమయ్యా ఇది!"

ఒక సంఘపెద్ద నా వైపే చూస్తూ అన్నాడు, "ప్రార్థన చేసిన వస్తువమ్మా అది. దేవునికి చూపించిందాన్ని మళ్ళా అంగడికి ఎట్ల వాపసిస్తాం? ఆయనకు అవమానం గాదా?"

నన్ను ఇన్నాళ్ళూ ఇంట్లో మూసిపెట్టిన ప్రశ్న అదే. జవాబు ముందువరస చాప మీది నుంచి, ఎనుము కొన్న అవ్వ దగ్గర నుంచి వచ్చింది.

"నా ఎనుముకు గూడా మీరే గదయ్యా ప్రార్థన చేసింది? పాలియ్యకుండా తంతా ఉంటే సంతకు తోలి అమ్మితి. దేవుడేం అనల్యా. ఎనుముకు ల్యాని అవమానం ఇనుముకు యాన్నుంచి వచ్చె?"

నవ్వులు లేచాయి. అయ్యగారు కూడా రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. తరువాత ఆ రుమాలునే నాకు అందించి, "ఆ కొత్తదానికి దారం ఎక్కించి కుట్టమ్మా. చూద్దాం," అన్నారు.

ప్రార్థనకు ముందు ఒక వస్తువును వాడి చూడడం మా మందిరంలో అదే మొదటిసారి. అందరి కళ్ళూ నా చేతుల మీదే. దారం సూదిలోకి ఎక్కడానికే చాలాసేపు పట్టింది. తొక్కాను. కొద్దిదూరం పోయి కుట్లు తప్పాయి, దారం ఉండకట్టింది, టక్కుమని సూది విరిగింది.

"కొత్తది గదయ్యా, ఇంగా నూనె ఎక్కాల," అన్నాడు వసూళ్ళ మనిషి.

"నీ మాటలకెక్కినంత నూనె దానికెప్పుడు ఎక్కుతాదిలే నాయనా," అంది అవ్వ.

మర్నాడు రెండు మిషన్లనూ బస్సు మీదికెక్కించి నంద్యాలకు పోయాం. అయ్యగారు, ఆ పిల్ల, మేమిద్దరం, వద్దన్నా వినకుండా అవ్వ. అంగడాయన ఈసారి నవ్వలేదు. "లోపలికి రాండి అయ్యగారూ, టీ తాగి నెమ్మదిగా మాట్లాడుకుందాం," అన్నాడు. అయ్యగారు చెప్పులు విడవబోయారు. నేను మెట్టు మీదే నిలబడ్డాను.

"ఈడనే మాట్లాడదామన్నా. మొన్న నవ్వింది గూడా ఈడనే గదా."

కిరసనాయిలు గుడ్డతో ఆయన ముందే రెండో మిషనును కూడా తుడిచాను. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఇంత ఆరాటంగా కొట్లాడే ఆడది ఎవరా అని చూస్తున్నట్టే నాకు అనిపించింది; తల ఎత్తలేదు, తుడవడం ఆపలేదు. నల్లరంగు వచ్చి, పూలతీగె కనబడేసరికి ఆయన "చాలమ్మా, చాలు," అన్నాడు. ఆ పిల్ల కట్టిన దుడ్లు తిరిగి ఇచ్చాడు. నాకు వేరే మిషను ఇస్తానన్నాడు. కట్టిన కంతుల్లో సగమే అందులో కలుపుతానన్నాడు. మిగతా సగానికి వాదించే ఓపిక నాకు లేకపోయింది. కానీ ఆ మిషనుకు ఆ అంగట్లోనే దారం ఎక్కించి, చీర కొంగు చించి, కొస నుంచి కొసకు కుట్టి చూశాకే బస్సెక్కించాను.

ఆ ఎండాకాలమంతా అది కుట్టింది. కమ్మల కుదవకు అయిన వడ్డీ నేనే కట్టాను. "నువ్వు మొదటి వారమే చెప్పింటే ఇంత దూరం వచ్చుండదు గదా వదినా," అని ఆ పిల్ల ఒక్కసారే అంది. కోపంగా కూడా అనలేదు.

ఎనభైల చివర్లో వినియోగదారుల కోర్టులు వచ్చాయని విన్నాక, మహిళా సమాజం కూటాల్లో నన్ను లేపి ఆ కథ చెప్పమనేవాళ్ళు, నేనేదో ధైర్యస్థురాలినన్నట్టు. నేను అంగడి మెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాలని వాళ్ళ కోరిక. నాకు మాత్రం నోటికి ముందు వచ్చేది దారం లేకుండా తొక్కిన చప్పుడే.

మా సంఘంలో ఆ ఆచారం నిలబడింది గానీ కొంచెం మారింది. ఎవరు వస్తువు తెచ్చి సాక్ష్యానికి లేచినా ముందువరస చాప మీది నుంచి అవ్వ అడిగేది, "కుట్టి చూసినావా?" అది సైకిలైనా సరే, గడియారమైనా సరే.

"రెండుసార్లు రుద్రవరం పోయొచ్చినా అవ్వా, చైను ఊడల్యా," అని సైకిలాయన చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. అయితే అడిగేముందు అవ్వ ప్రతిసారీ ఒక్క క్షణం వెనక్కి తిరిగి నన్ను చూసేది. ఆ క్షణం నా చూపు చాప మీదికి దిగిపోయేది.