ఒకరు దిగాలి

మొన్న మిస్సిసాగాలో మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్తే, అక్కడి నర్సమ్మ బరువు చూసే మిషను ఎక్కమంది. ఎక్కాను. ఒక చేతిలో లంచ్ బ్యాగు, ఇంకో చేతిలో జాకెట్టు, కాళ్లకి బూట్లు. ఆ పిల్ల నవ్వాపుకుంటూ "సర్, మీరొక్కరే చాలు" అని ఇంగ్లీషులో అంది. తినబోయే అన్నం కూడా తూస్తే షుగరు లెక్క ముందే తేలుతుందనుకున్నానని చెప్పి తప్పించుకున్నాను గానీ, అసలు కారణం పాత అలవాటు. ఒకప్పుడు నా ఉద్యోగమే అది. మనుషుల్ని, వాళ్ల చేతిలో ఉన్న వాటితో సహా, తూకం వేయడం.

కెనడాకి అప్లై చేసింది మా ఆవిడ, రమ్మన్నదీ ఆవిణ్ణే. ఆవిడ సామానులో నేనొకణ్ణి. నర్సు కాబట్టి ఆవిడకి రాకీ కొండల్లో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో పని దొరికింది. తొమ్మిదో క్లాసులో లెక్కల మాస్టారికి దణ్ణం పెట్టి బయటపడ్డ నాకేమో, ఆ ఊరి ఎయిర్‌పోర్టులో విమానం మోయాల్సిన బరువు కూడే పని దొరికింది. ఈ సంగతి తెలిస్తే మా మాస్టారు జన్మలో విమానం ఎక్కేవారు కాదు. ఎయిర్‌పోర్టంటే గొప్పగా ఊహించుకోకండి. ఓ రేకుల షెడ్డు, కాఫీ మిషను, కొండకీ ఏటికీ మధ్య ఇరుక్కున్న పొట్టి రన్‌వే. కంపెనీ ఒక ముసలాయనది. కుర్రతనంలో ఒకే ఒక్క విమానంతో గనుల ఊళ్లకి ఉత్తరాలూ మందులూ మోస్తూ మొదలుపెట్టి, మూడు చిన్న విమానాల దాకా వచ్చాడు. అంత ఎత్తులో గాలి పల్చన. ఎండెక్కేకొద్దీ ఇంకా పల్చబడుతుంది, విమానం బరువు మోయలేదు. అందుకని ఆయన విమానాలన్నీ పొద్దున చల్లగా ఉన్నప్పుడే లేచిపోయేవి. కనుమ మీద మబ్బు కూర్చుంటే అది లేచేదాకా అందరం కాఫీ తాగుతూ కూర్చునేవాళ్లం. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు, దాని ఊరు, దాని కొండ.

ఊళ్లో మోటెల్ నడిపే తెనాలి అంకుల్, ఆంటీ మూడు వారాలకోసారి వచ్చేవాళ్లు. అంకుల్‌కి కీమో, అది నగరంలోనే ఇస్తారు. రోడ్డు మీదైతే కనుమ దాటి పోయేసరికి పొద్దు గడిచిపోతుంది, చలికాలం ఆ కనుమ ఎప్పుడు మూస్తారో తెలీదు. విమానంలో పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో పడేవాళ్లు. ఆంటీ టిఫిన్ క్యారియరుతో సహా మిషనెక్కేవారు.

"బరువు గట్టిగా చదవనా ఆంటీ, మెల్లిగానా?"

"మెల్లిగా చదువబ్బాయ్. మీ అంకుల్ వింటే, పెళ్లినాడు ఇంత చూపించలేదని పేచీ పెడతారు."

అంకుల్ పక్కన నిలబడి నవ్వేవారు. ఆయన బరువు మాత్రం నేను పైకి చదివేవాణ్ణి కాదు. వచ్చినప్పుడల్లా తగ్గుతోంది.

ముసలాయన చూపు మందగించి, కంపెనీని కింద మైదానంలో ఉండే ఓ పెద్ద కంపెనీకి అమ్మేశాడు. కొత్తవాళ్లు షెడ్డుకి రంగేశారు, మాకు జాకెట్లిచ్చారు, మనమంతా ఒక ఫ్యామిలీ అన్నారు. నేను అక్కడే భయపడాల్సింది. తర్వాత నగరంలో వాళ్ల పెద్ద విమానాల టైముకి కలవాలని, మా పొద్దుటి విమానాన్ని మధ్యాహ్నానికి మార్చారు. "ఎండలో లేవదు సార్" అన్నాను మేనేజరుతో. "కంప్యూటర్‌లో లేచింది" అన్నాడు. నిజమే, కంప్యూటర్‌లో ఎండ కొట్టదు.

ఆ వేసవంతా నా ఉద్యోగం ఒక్క మాటకి కుదించుకుపోయింది. ఒకరు దిగాలి. ఒక్కోరోజు ఇద్దరు, ముగ్గురు. జులైలో ఓ మధ్యాహ్నం అందరూ ఎక్కి కూర్చున్నాక ఎండ ఇంకా ముదిరింది. పైలట్ నాకేసి ఒక వేలు చూపించాడు. మెట్ల మీద నిలబడి నా మాట నేను చెప్పాను. ఎవరూ కదల్లేదు. అప్పుడే కనిపెట్టినట్టు అందరూ కిటికీల్లోంచి కొండల్ని చూస్తున్నారు. ముందు సీట్లో మా మేనేజరు, టికెట్ లేకుండా, ఫోను చూసుకుంటున్నాడు. "సార్, మీరు..." అన్నాను. "నాకు మీటింగుంది" అన్నాడు, తలెత్తకుండా.

వెనక సీట్లో అంకుల్ పక్కనుంచి ఆంటీ లేచారు. "ఆయన వెళ్లాలి. నేను దిగుతానబ్బాయ్."

ఏడుపొచ్చే చోట నాకు జోకొస్తుంది, అదో జబ్బు. "మీరు దిగితే ఇద్దరు దిగినట్టే ఆంటీ" అన్నాను. ఆవిడ నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు. క్యారియరు ఆయన ఒళ్లో పెట్టి ఆవిడ దిగిపోయారు. విమానం లేచింది.

మందు పనిచేయడం లేదని డాక్టరు చెప్పింది ఆ ప్రయాణంలోనే. అంకుల్ ఆ మాట ఒక్కరే విన్నారు. ఒక్కరే తిరుగు విమానం ఎక్కి వచ్చి, షెడ్డులో ఎదురుచూస్తున్న ఆంటీ చేతిలో ఖాళీ క్యారియరు పెట్టి, "పప్పు బాగుందోయ్" అన్నారు. అసలు సంగతి ఇంటికెళ్లాక గానీ చెప్పలేదట.

రోజూ దించుతుంటే రేపు ఎవరెక్కుతారు? ఆకులు రాలేసరికి షెడ్డు తలుపుకి నోటీసు అంటించారు. ప్రయాణికులు రావడం లేదు కాబట్టి సర్వీసు ఆపేస్తున్నారట. దించిందీ వాళ్లే, రాలేదన్నదీ వాళ్లే. కొత్త మందు కోసం అంకుల్‌ని ఆంటీయే కారు డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లేవారు. మంచుకి కనుమ మూసినప్పుడు సగం దారిలోంచి వెనక్కి. ఆ మంచు కరగకముందే అంకుల్ పోయారు.

తర్వాత మేం మిస్సిసాగాకి మారిపోయాం. మోటెల్ అమ్మేసి ఆంటీ ఇప్పుడు మా పక్క ఊరు ఓక్‌విల్‌లో కూతురి దగ్గరుంటున్నారు. డాక్టరు దగ్గర మిషనెక్కిన వారమే, ఆదివారం నాడు, చూడాలనిపించి వెళ్లాను. తలుపు తీసిన మనిషి సగమైపోయారు. కాలం కూడా చేతిలో ఉన్నవన్నీ కలిపే తూస్తుంది, దించేటప్పుడు మాత్రం ఎవరు దిగుతారని అడగదు. నా జబ్బు మళ్లీ బయటికొచ్చింది. "ఏంటాంటీ, ఇంత తేలికైపోయారు?"

"అవునబ్బాయ్, ఇప్పుడు నేనెక్కితే ఎవరూ దిగక్కర్లేదు" అన్నారు. నా భుజం మీదుగా వీధిలోకి చూశారు. "ఏదీ, విమానం?"