మా ఇంటి గోడబొమ్మ

మొదటిరోజే ఆవిడంటే నాకు ఒళ్ళు మండింది. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చింది, మా ఆవిడ ఇవ్వబోయిన మంచినీళ్ళు వద్దంది, కిటికీ పక్కన గోడకు ఆనించి కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఐదేళ్ళ మా చిన్నాడు ఎదురుగా నిలబడి చూస్తున్నా పలకరించలేదు. ఒకరింటికి వెళ్ళినప్పుడు పిల్లాణ్ణి చూసి ఓ నవ్వు నవ్వితే సొమ్మేం పోతుంది? ఆపైన రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే, అరచేతిలో ఇమిడే లెక్కమీట ఒకటి పట్టుకుని వాణ్ణే చూస్తూ కూర్చుంది. ఆ పూటే ఆవిడకు గోడబొమ్మ అని పేరు పెట్టేశాను.

మా చిన్నాడికి మాటలు రాలేదు. పలక ముందు పెట్టినా, చొక్కా తొడగబోయినా, ఇష్టంలేని పని ఏది చేయించబోయినా పిడికిలి బిగించి చెవిమీద కొట్టుకునేవాడు. ఆ చెయ్యి పట్టుకుంటే రెండో చేత్తో కొట్టుకునేవాడు. ఆ చెవి ఎప్పుడూ కమిలిపోయే ఉండేది. ఇలాగే సాగితే వినికిడి పోతుందని డాక్టరు భయపెట్టి, మోచేతులు వంగకుండా కట్టే బద్దలు రాసిచ్చాడు. అవి కడితే వాడు ముద్ద నోటిదాకా తెచ్చుకోలేడు. ముక్కు మీద దురద పుట్టినా ఎవరో ఒకరు గోకాలి. బడివాళ్ళు కూడా ఒకటే మాట మీద ఉన్నారు. ఏం చేస్తే ఆగుతాడో నెలాఖరులోగా మాకు తేల్చి చెప్పండి, లేదంటే బద్దలు కట్టి పంపండి అన్నారు. తెచ్చిన బద్దలు బీరువాలో పెట్టి తాళం వేశాను.

పిల్లల నడవడిక మీద పనిచేసే ఒక కేంద్రం నుంచి ట్రైనర్ అమ్మాయి వచ్చేది అందుకే. గోడబొమ్మ ఆ అమ్మాయి వెంట వచ్చే రెండో మనిషి. దెబ్బలు ట్రైనరూ లెక్కపెట్టేది, ఆవిడా లెక్కపెట్టేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకూడదు. చివర్లో రెండు లెక్కలూ కలిస్తేనే నమ్మేవారు. దెబ్బంటే ఏమిటో కూడా ముందే ఖాయం చేసుకున్నారు. పిడికిలి తలకో చెవికో తగిలితేనే దెబ్బ, గాల్లో ఆగిపోతే కాదు. పిడికిలితో జుట్టు వెనక్కి తోసుకుంటే అది దెబ్బా కాదా అని ఒకరోజు ఇద్దరూ వాకిట్లో నిలబడి చాలాసేపు వాదించుకున్నారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

అంతకన్నా విడ్డూరం ఇంకొకటుంది. పిల్లాడికి ఏం నేర్పుతున్నారో, ఎప్పుడు మొదలుపెట్టారో గోడబొమ్మకు చెప్పరట. బీరువా అడ్డం ఉండటం వల్ల ఆవిడకు వాడి తల, భుజాలు తప్ప మా ఆవిడా ట్రైనరూ కనబడరు. మాటలు వినబడకుండా దూది సరేసరి. తగ్గాలని ఆశపడే కన్నుకు తగ్గినట్టే కనిపిస్తుందనీ, అందుకే ఏమీ తెలియని కన్ను ఒకటి ఉండాలనీ ట్రైనర్ చెప్పింది. ఇలాంటి ఉద్యోగం కూడా ఒకటుంటుందా అనుకున్నాను.

ఆవిడ సంగతులు నాకు మా ఆవిడే చెప్పింది. ఇద్దరికీ వాకిట్లో నాలుగు మాటలు కలిశాయి, పిన్నిగారూ అనే వరస కూడా కుదిరింది. ఆవిడ ఇదివరకు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసేదట. ఎవరు కుట్టారో చూడకుండా కుట్టు మాత్రమే చూసేదట. ఓసారి అలా ఒక కట్ట మొత్తం వెనక్కి పంపిస్తే అది సొంత చెల్లెలు కుట్టినదని తేలి, ఆ చెల్లెలు చాలాకాలం మాటలు మానేసిందట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ పనిలో చేరింది. మావాడు కొట్టుకుంటున్నంతసేపూ ఆవిడ ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చోవడం చూసి పొగరనుకున్నాను. వాణ్ణి ఆపడానికి చెయ్యి తనంతట తనే లేచిపోతోందని, అందుకే అలా అదిమిపెట్టుకుంటున్నానని మా ఆవిడతో అందట. అది విన్నాక నా కోపం సగం చల్లారింది. పేరు మాత్రం మార్చలేదు.

ట్రైనర్ వాడికి నేర్పింది చిన్న పనే. ఏదైనా వద్దనిపిస్తే వాళ్ళమ్మ అరచేతిలో చెయ్యి పెట్టాలి. పెట్టగానే అమ్మ ఆ పని ఆపేయాలి. కొద్దిరోజులకే దెబ్బలు తగ్గుముఖం పట్టాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. చిక్కల్లా ఏమిటంటే, సరిగ్గా అదే వారంలో వాడి చెవిలో చీము పట్టిందని డాక్టరు చుక్కలమందు ఇచ్చాడు. తగ్గింది మందు వల్లో, అరచెయ్యి వల్లో తెలియాలంటే మందు వేస్తూనే అరచేతి పద్ధతి కొన్నాళ్ళు ఆపి చూడాలంది ట్రైనర్. చెవి కమిలితే మరుక్షణం మానేద్దామని కూడా చెప్పింది.

నేను ఇంతెత్తున లేచాను. తగ్గిన పిల్లాణ్ణి మళ్ళీ కొట్టుకోమంటారా అని నోటికొచ్చినట్టు అరిచాను. నేను ముందుగదిలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తుంటాను. మా ఆవిడ ఆ గదిలోకి వచ్చి నిలబడింది.

"మొన్న ఆ ఫ్యానుకి కండెన్సరూ బేరింగులూ ఒకేసారి మార్చేశాడని మీ తమ్ముణ్ణి తిట్టారు కదా, ఏది పాడైందో ఎలా తెలుస్తుందని. ఇదీ అంతే. రేపు బళ్ళోవాళ్ళడిగితే ఏం చెప్తాం?"

నా మాటే నాకు తిప్పికొట్టింది. సరేనన్నాను గానీ కోపం ఆరలేదు. ఆపేసిన రోజు పొద్దున్నే గోడబొమ్మ గుమ్మంలో కనబడగానే ఆగలేకపోయాను. ఇవాళ్టి నుంచి వాడికి నేర్పిందంతా ఆపేస్తున్నారు, మీరైనా చెప్పండి అనేశాను. ఆవిడ అప్పటికి ఒక చెప్పే విడిచింది, దూది ఇంకా చేతిలోనే ఉంది. నావైపు చూసి, విడిచిన చెప్పు మళ్ళీ తొడుక్కుంది.

"నాకు తెలిసిపోయింది బాబూ. ఇంక వాణ్ణి నేను చూడకూడదు."

అంతే, వెళ్ళిపోయింది. ట్రైనర్ తల పట్టుకుంది. ఏమీ తెలియని ఇంకో కన్నును వెతికి తెచ్చేసరికి చేతిలో ఉన్న గడువులో చాలాభాగం కరిగిపోయింది. ఆ వచ్చిన పెద్దమనిషితో నేనెక్కడ నోరు జారతానోనని మా ఆవిడ రోజూ ఆ గంటసేపు నన్ను వీధిలోకి తరిమేసేది. మందు వేస్తున్నా వాడి పిడికిలి మళ్ళీ లేచింది. వీధి చివర నిలబడినా నాకు ఆ చప్పుడు వినబడుతున్నట్టే ఉండేది. అరచేతి పద్ధతి తిరిగి మొదలుపెట్టగానే దెబ్బలు మళ్ళీ తగ్గాయి. రెండు లెక్కలూ కలిశాయి. మందు కాదు, అరచెయ్యే.

బడివాళ్ళు ఒప్పుకున్నారు, అయితే ఒక మెలిక పెట్టారు. వాడు వాళ్ళమ్మ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ చెయ్యి పెట్టింది లేదు. టీచరు చేతిలో పెడితే సరే, పెట్టకపోతే బద్దలే. ఆ మాత్రం భయం మిగిలింది.

గోడబొమ్మకు చెప్పకపోతే మనసొప్పలేదు, వాళ్ళింటికి వెళ్ళాను. బస్సు డ్రైవరైన వాళ్ళాయన నన్ను కూర్చోబెట్టి, తాను నిద్రలో ఎన్నిసార్లు దగ్గాడో పొద్దున్నే అప్పజెబుతుందని భార్యమీద చాడీలు చెప్పాడు. వాడికి ఇన్నాళ్ళూ ఏం నేర్పారని ఆవిడ అడిగింది. నిజంగానే తెలియదు పాపం. చెబుతుంటే కళ్ళు తుడుచుకుంది.

"తగ్గుతోందని నాకు తెలుస్తూనే ఉంది బాబూ. సంతోషపడితే ఎక్కడ తక్కువ నొక్కుతానోనని పడలేదు. ఇప్పుడు పడతాను."

ఆదివారం ఆవిడ చుట్టపుచూపుగా వచ్చింది. మంచినీళ్ళు తాగింది, భోంచేసింది, చాపమీద చిన్నాడి పక్కనే కూర్చుని వాడికి ఎడతెరిపి లేకుండా కబుర్లు చెప్పింది. నేను ఊరుకోవచ్చుగా? బద్దలు రాసిచ్చిన డాక్టరు సంగతి ఎత్తి, పిల్లల చేతులు కట్టేయమనే చదువూ ఒక చదువేనా అని గొంతు పెంచాను. చిన్నాడు లేచాడు. పిడికిలి చెవిదాకా వెళ్ళింది. వాడు నా దగ్గరికి నడిచొచ్చి, పిడికిలి విప్పి నా అరచేతిలో చెయ్యి పెట్టాడు.

నేను నోరు మూసుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను మాట మధ్యలో ఆపింది ఆ ఒక్కసారేనని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.