రుచి చూడని పరీక్షలు

వారానికి మూడు రోజులు మా వదినను డయాలసిస్‌కు నంద్యాల తీసుకుపోవడం నా పని. మంగళ, గురు, శనివారాలు. ఆళ్లగడ్డలో చీకటి ఉండగానే బస్సెక్కితే ఆరున్నరకు మొదలయ్యే విడతకు అందుకుంటాం. అన్న అహోబిలం గుడి వంటశాలలో నైవేద్యం వండుతాడు. స్వామికి వేళ తప్పకూడదు, వదినకు మిషన్ తప్పకూడదు. ఇద్దరినీ ఒక్క మనిషి చూసుకోలేడు కాబట్టి ఆయన అటు పోతాడు, నేను ఇటు పోతాను. నాలుగేళ్లుగా ఇదే. బస్సులో వదిన నా భుజం మీద తల పెట్టి నిద్రపోతుంది. నాకు నిద్ర రాదు. కళ్లు మండుతూ ఉంటాయి, అంతే.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే చదివించాడు. పొద్దున శ్లోకాలు, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం ఆయన ఓపికను బట్టి ఏదో ఒకటి. అలా నేర్చుకున్నదానికి నేను ప్రోగ్రాములు రాస్తానని ఆయన ఊహించి ఉండడు. అదీ ఆ డయాలసిస్ హాల్లోనే మొదలైంది. వదిన మంచం పక్కన నాలుగు గంటలు ఊరికే కూర్చునేదాన్ని. అప్పట్లో ఒకామె తన తల్లిని తీసుకొచ్చేది. నంద్యాలలోనే చిన్న ఆఫీసు పెట్టుకుని ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాయించే మనిషి. నేను పేపర్లో అంకెల గళ్లు నింపుతుంటే చూసి, ఒకరోజు తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వాళ్ల పనంతా రూబీ అనే కంప్యూటర్ భాషలో. ఏడాదిన్నర పాటు, ఆ హాల్లోనే, నర్సుల చెప్పుల చప్పుడు మధ్య నేర్పింది. ఇప్పుడు ఆమె నాకు మేడమ్, నేను ఆమె దగ్గర ఉద్యోగిని. ఆ తల్లి పోయింది. ఆ తల్లి కోసం కూడా రోజూ దీపం దగ్గర ఒక్క క్షణం నిలబడతాను. ఆమె జబ్బే నాకు చదువైంది.

నేను రాసిన ప్రోగ్రాము చిన్నదే. ఆ డయాలసిస్ సెంటరులో మిషన్ చెడిపోయో, ఇంకెందుకో ఎవరి విడత మారితే వారి ఫోన్‌కు మెసేజ్ పోవాలి. అది సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి పరీక్షలు రాస్తాం. పరీక్ష నడిపిన ప్రతిసారీ నిజంగా మెసేజ్ పోకూడదు. పోతే నేను ఒక అక్షరం మార్చినప్పుడల్లా రోగులందరూ బస్సెక్కి వచ్చేస్తారు. అందుకని పరీక్షలో, మెసేజ్ పంపే భాగం ఉండాల్సిన చోట ఒక బొమ్మను నిలబెడతాం. అడిగినప్పుడు మనం ముందుగా చెప్పి ఉంచిన జవాబే చెప్పే బొమ్మను స్టబ్ అంటారు. ‘నన్ను పిలిచారు, ఈ నంబరు ఇచ్చి పిలిచారు’ అని చివర్లో సాక్ష్యం చెప్పే బొమ్మను మాక్ అంటారు. అంతా సరిగా ఉంటే తెర మీద పచ్చ గీత వస్తుంది.

ఈ పని నాకు చప్పున పట్టుబడింది. మేడమ్ ఆశ్చర్యపోయింది గానీ నాకు ఆశ్చర్యం లేదు. మా ఇంట్లో వంట అలాగే నేర్పుతారు. నైవేద్యం వండేవాళ్లు రుచి చూడరు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుంటారు, వాసన కూడా పీల్చరు. ఉప్పు పిడికిలి కొలత, చింతపండు పులుసు రంగు, పొంగలి ఉడికే చప్పుడు, వీటితోనే తెలియాలి. నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి ఒక్క చుక్క నాలుక మీద వేసుకోకుండా పులిహోర కలిపేదాన్ని. అసలు వస్తువును ముట్టకుండానే అది బాగుందని చెప్పడం మాకు పుట్టుకతో వచ్చిన గర్వం. పరీక్షలు కూడా అదే గర్వంతో రాశాను. నా పరీక్షలు ఒక్కసారి కూడా నిజమైన మెసేజ్‌ను తాకలేదు. అది గొప్ప అనుకున్నాను.

ఒక మంగళవారం మేడమ్ నుంచి కబురు వచ్చింది. మెసేజ్‌లు చేరవేసే కంపెనీ మారిందని, పంపే భాగాన్ని తనే తిరగరాసిందని, దాన్ని పిలవాల్సిన పేరు కూడా మారిందని, నా వైపు ఒకసారి చూసుకోమని. అప్పుడే వదినకు మిషన్ మీద రక్తపోటు పడిపోయింది. కాళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒక చేత్తో ఆమె పిక్కలు రుద్దుతూ, రెండో చేత్తో పరీక్షలన్నీ నడిపాను. అన్నీ పచ్చగా వచ్చాయి. ‘అన్నీ బాగున్నాయి మేడమ్’ అని రాసి, ల్యాప్‌టాప్ మూత వేసి, మళ్లీ కాళ్ల దగ్గరికి జరిగాను.

అన్నీ పచ్చగా ఎందుకు వచ్చాయంటే, నా బొమ్మకు పాత పేరే తెలుసు. నా ప్రోగ్రాము పాత పేరుతోనే పిలిచింది, బొమ్మ పలికింది. అసలు భాగం ఇక ఆ పేరుకు పలకదు. ఆ సంగతి బొమ్మకు ఎవరు చెప్తారు?

గురువారం ఆరున్నరకు వదిన పక్క మంచం ఖాళీగా ఉంది. ముందు రోజు ఒక మిషన్ చెడిపోయిందని, పదకొండింటి విడతలో ఉండే ఒకాయనను పొద్దుటి విడతకు మార్చారని టెక్నీషియన్ చెప్పాడు. ఉయ్యాలవాడ వైపు రైతు ఆయన. మా విడత అయిపోయే వేళకు ఆయన, ఆయన భార్య వస్తుంటారు కాబట్టి మాకు ముఖపరిచయం. టెక్నీషియన్ ముప్పావు గంట చూశాడు. తర్వాత వార్డులోంచి ఎవరో అత్యవసరమని వస్తే ఆ మంచం వాళ్లకిచ్చాడు.

“పాపం, బస్సు దొరకలేదేమో వదినా,” అన్నాను. “మెసేజ్ అయితే పోయుంటుంది.”

ఈ మాట నేను అన్నాను. నా నోటితోనే.

వాళ్లు ఎప్పటిలాగే పదకొండింటికి వచ్చారు. ఆయన ముఖం ఉబ్బి ఉంది. మంగళవారం నుంచి ఒంట్లో చేరిన నీరు. మంచం లేదు, సాయంత్రానికి కూడా లేదు, మర్నాడు పొద్దున రమ్మన్నారు. ఆయన భార్య టెక్నీషియన్‌ను దులిపేసింది. మాకు ఎవురు చెప్పినారప్పా, కల్లో వచ్చి చెప్పినారా అని అడిగింది. మెసేజ్ పంపామని అతను, రాలేదని ఆమె, ఫోన్ తీసి అతని ముఖం ముందు పెట్టి. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. మా ప్రోగ్రాములో పంపలేకపోయిన మెసేజ్‌లన్నీ చేరే జాబితా ఒకటి ఉంది. రెండు రోజులుగా దాన్ని ఎవరూ తెరవలేదు. తెరిస్తే ఆయన నంబరు అందులో కనిపించింది.

లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. వదిన చేతి నుంచి సూదులు తీస్తున్నారు, రక్తం ఆగడానికి దూది అదిమి పట్టుకోవాలి, ఆ పనిని అడ్డం పెట్టుకుని తల వంచుకున్నాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత బయటికొచ్చి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు. పది నిమిషాల్లో పేరు సరిచేసింది. ఆ జాబితా నేనూ చూళ్లేదు గదా అంది. ఆమె తిట్టి ఉంటే ఆ రోజు నాకు కొంచెం తేలికగా ఉండేది.

సాయంత్రం అన్న గుడి నుంచి రాగానే జరిగింది చెప్పాను. బొమ్మల సంగతి, పచ్చ గీతల సంగతి ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని, మన వంటలాగే అన్నా, రుచి చూడకుండా కొలతతో చేసేదే అన్నాను. ఆయన కాళ్లు కడుక్కుంటూ విన్నాడు.

“స్వామికి పెట్టకముందు రుచి చూడం. సరే,” అన్నాడు. “పెట్టినాక? జనానికి పంచేటప్పుడు?”

ఇంకో చెంబు నీళ్లు పోసుకుని తనే చెప్పాడు.

“ముందు నేనొక ముద్ద తింటా. ఇరవై ఏండ్లుగా తింటాండా. ఉప్పు తక్కువుంటే ఉప్పు నీళ్లు కలిపి పంచుతా, చెడిపోయుంటే పంచనే పంచను. కొలతలో తప్పొస్తే స్వామి ఓర్చుకుంటాడు. జనం ఎందుకు ఓర్చుకోవల్ల?” చెంబు బోర్లించి లోపలికి పోతూ, “ఆ రైతుకు ఎట్లుందో కనుక్కున్యావా?” అని అడిగాడు.

కనుక్కోలేదు.

చిన్నప్పటి నుంచి ఆ వంటశాల గుమ్మం దగ్గర కూర్చుని చూసినదాన్ని. అన్న ముద్ద నోట్లో వేసుకోవడం వందసార్లు చూశాను. ఆకలేసి తింటున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆ రైతుకు ఊపిరి అందలేదట. ఊళ్లో ఆటో మాట్లాడుకుని నంద్యాల తెచ్చారు. వార్డులో చేర్చుకుని వెంటనే మిషన్ పెట్టారు, బతికాడు. ఇవన్నీ శనివారం టెక్నీషియన్ చెప్తే తెలిశాయి. వదినను మంచం మీద పడుకోబెట్టి, మిషన్ తిరగడం మొదలుపెట్టాక పై అంతస్తుకు వెళ్లాను. మెట్లెక్కుతూ, స్వామీ, మాట తడబడకుండా చూడు అని మాత్రం అడుక్కున్నాను. క్షమించమని అడగాల్సింది స్వామిని కాదు కదా.

ఆయన భార్య వార్డు బయట నేల మీద కొంగు పరుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆ మెసేజ్ పంపే ప్రోగ్రాము రాసింది నేనని, తప్పు నాదని, టెక్నీషియన్‌ది కాదని.

“అంటే ఆ పొద్దు నువ్వు ఆడనే కూసోనుండావు,” అంది. “మా ఆయన మంచం ఖాళీగా ఉండాదని సూస్తాండావు.”

“చూశానక్కా.”

“మేము పదకొండింటికి వచ్చినప్పుడూ ఆడనే ఉండావు.”

“ఉన్నాను.”

“పొద్దున ఒక ఫోన్ కొట్టింటే ఏం పోయేది పాపా? నంబరు నీ డబ్బాలోనే ఉండె గదా.”

మెసేజ్ పోయిందని నమ్మానక్కా అన్నాను. నాకే ఆ మాట వినబుద్ధి కాలేదు. లోపలి నుంచి ఆయన దగ్గాడు. ఆమె లేవబోయి, మళ్లీ కూర్చుంది.

“నీ మెసేజీలు నువ్వు పంపుకో, వద్దన్లే. మాకు మాత్రం ఇంగ ఫోన్ రావల్ల. మిషన్ది కాదు. నీది.”

సరేనన్నాను. పోయి నీ పని చూసుకో, ఆడ మీ వదిన ఒకతే ఉంటాది అంది. అంత జరిగాక కూడా ఆమెకు మా వదిన గుర్తుంది.

తర్వాత పరీక్షలన్నీ కూర్చుని సరిచేశాను. రూబీలో ఇంకో రకం బొమ్మ ఉంది. అసలు భాగంలో లేని పేరుతో పిలిస్తే అది పలకదు, పరీక్ష ఎర్రబడి నిలిచిపోతుంది. మేడమ్ మొదటి నెలలోనే దాని సంగతి చెప్పింది. నాలుగు అక్షరాలు ఎక్కువ రాయాల్సి వస్తుందని నేనే పక్కన పెట్టాను. ఇప్పుడు అన్నిచోట్లా దాన్నే పెట్టాను. అది కాక, రోజూ పొద్దున మొదటి విడతకు ముందు ఒక నిజమైన మెసేజ్ నా ఫోన్‌కు వచ్చేలా చేశాను. ఏ బొమ్మా లేకుండా, ఆ రోగులకు పోయే దారిలోనే. మేము నంద్యాల పోయే రోజుల్లో బస్సులో ఉండగా అది మోగుతుంది. వదిన ఉలిక్కిపడి లేచి, ఏందది అంటుంది. ఏం లేదు, పడుకో అంటాను. రాని రోజున ఏం చేయాలో కూడా మేడమ్, నేను రాసుకున్నాం. ఇంతవరకు రెండు రోజులు రాలేదు. ఆ రెండు పొద్దులూ బస్సులోనే కూర్చుని, ఆ రోజు రావాల్సిన ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. గొంతు బొంగురుపోయింది. అయినా అందరూ వేళకు వచ్చారు.

మొన్న ఆషాఢంలో మళ్లీ ఒక మిషన్ ఆగిపోయింది. ఆ రైతు విడత మళ్లీ పొద్దుటికి మారింది. ముందు రోజు సాయంత్రమే మెసేజ్ పోయింది. చేరినట్టు జాబితాలో కూడా ఉంది. ఒళ్లు ఎంత అలిసిపోయి ఉందంటే, ఆ ఒక్క పూటకు ఫోన్ మానేద్దామా అనిపించింది. చేరింది కదా, కళ్లతో చూశాను కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకే భయం వేసి ఫోన్ చేశాను.

ఆయన భార్యే ఎత్తింది. విడత మారిందక్కా, పొద్దున ఆరున్నరకు రావాలి అని చెప్పాను.

“తెలుసులే, మెసేజీ వచ్చింది. ఆటోకు గూడా చెప్పి పెట్టినాం.”

“అయితే సరే అక్కా. ఇక నుంచి మెసేజ్ చేరిందని తెలిస్తే నేను...”

“చెయ్యొద్దని నేను అన్యానా?” అంది. “చెయ్. ఆయన అడుగుతాండాడు, ఆ పాప ఫోన్ చేసిందా అని. నువ్వు చేసినావంటేనే చొక్కా ఏసుకుంటాడు.”

పెట్టేసింది. మర్నాడు మేము వెళ్లేసరికి ఆయన అప్పటికే వదిన పక్క మంచం మీద ఉన్నాడు. చేతికి సూదులు పెట్టేశారు. నాలుగు గంటలూ ఆయన డయాలసిస్ పూర్తిగా జరిగింది.