బెర్లిన్ గోడ, మా అవ్వ బొట్టు

మొన్న మా పక్కింటి అమ్మాయి, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల, ఫోను చేతిలో పట్టుకుని వచ్చి, మేడం, బెర్లిన్ గోడ కూలడం వల్ల కలిగిన ఫలితాలు అయిదు పాయింట్లలో చెప్పండి, ఆరోది వద్దు, రాయడానికి చోటుండదు అని అడిగింది. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, నాకదెంత పని. రెండు జర్మనీలు ఒకటి కావడం దగ్గర మొదలుపెట్టి వేళ్లు మడుస్తూ అయిదూ చెప్పేశాను. ఆ పిల్ల టకటకా ఫోనులో కొట్టుకుని వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పిల్ల వద్దన్న ఆరోది గుర్తొచ్చింది. ఆ గోడ కూలడం వల్ల ఇక్కడ బాన్సువాడలో, మా ఇంట్లో కలిగిన ఫలితం ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఇన్నేళ్లలో నేనెవరికీ చెప్పుకోనూ లేదు. మన వయసు వాళ్లయితే అర్థం చేసుకుంటారన్న ధీమాతో ఇప్పుడు చెబుతున్నాను.

నేను ఎం.ఏ. చరిత్రకు ప్రైవేటుగా కట్టిన రోజుల్లో మా ఇంట్లో ఆడవాళ్లందరం బీడీలు చేసేవాళ్లం. చదువుకుంటానంటే మా నాయన కాదనలేదు గానీ చేతులు మాత్రం ఆగకూడదన్నాడు. అందుకని ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, ఎదురుగా పీట మీద పుస్తకం, పేజీ ఎగిరిపోకుండా దాని మీద కత్తెర, ఇదీ నా చదువు. కళ్లు అక్షరాల్లో, వేళ్లు ఆకులో ఉంటే నిద్ర ముంచుకొచ్చేది, అది తప్పించుకోవడానికి పైకి చదివేదాన్ని. అలా ఆధునిక ఐరోపా చరిత్ర మొత్తం మా వాకిట్లో కూర్చున్న అయిదారుగురు ఆడవాళ్ల చెవిన పడింది. వాళ్లు ఊరికే వినే రకం కాదు. ఒక యువరాజును చంపినందుకు ఖండం ఖండమే తగలబడిన ఘట్టం చదివితే మా చిన్నమ్మ దారం తెంపుతూ, "ఒక్కన్ని సంపితే గిన్ని రాజ్యాలు కొట్లాడుడేంది, పంచాయితి జెప్పనీకి నలుగురు పెద్దమనుషులు లేకపోయిరా ఆడ?" అని నిలదీసింది. ఆ తర్వాతి సంధి షరతులు విని, ఓడినోన్ని మరీ అంత తొక్కితే వాడు ఊరుకుంటాడా, మళ్లీ లేస్తాడు అని రెండో యుద్ధం పాఠానికి నేను రాకముందే తేల్చిచెప్పింది. నా పరీక్షలో ఇంచుమించు అదే ప్రశ్న వచ్చింది, నేను ఇంచుమించు ఆమె జవాబే రాశాను.

ఆ వాకిట్లో ఒక పక్కన, ఎవరి మాటల్లోనూ కలగజేసుకోకుండా మా అవ్వ కూర్చునేది. అవ్వ అంటే మా నాయనకు మేనత్త. ఆమె మగడు, నాకు తాత వరస, పెళ్లయిన రెండో ఏడే సిపాయిగా చేరి, రెండో ప్రపంచ యుద్ధానికి ఓడెక్కి పోయాడు. మళ్లీ రాలేదు. యుద్ధం అయిపోయాక పిట్లం వైపు నుంచి ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఎడారిలో శత్రువులు తమను పట్టుకున్నారనీ, కొన్నాళ్లు ఒకే ఖైదులో ఉన్నామనీ, తర్వాత ఈయనను జర్మనీకి తరలించారనీ, అంతకుమించి తనకు తెలియదనీ చెప్పి, పెట్టిన అన్నం ముట్టకుండానే వెళ్లిపోయాడట. చనిపోయాడని కాగితం రాలేదు, బతికున్నాడని ఉత్తరం రాలేదు, రాయించిన అర్జీలకు జవాబులూ రాలేదు. దాంతో అవ్వ మెడలో పుస్తెలు, నుదుట పెద్ద బొట్టు, చేతులకు గాజులు అట్లాగే ఉండిపోయాయి. తియ్యమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, ఉంచుకోమని చెప్పే ధైర్యమూ లేదు. పెళ్లిళ్లలో పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చే ఆడవాళ్ల చెయ్యి అవ్వ ముందుకు రాగానే ఒక్క క్షణం ఆగేది. కొందరు పెట్టేవాళ్లు, కొందరు చూడనట్టు పక్కామె దగ్గరికి జరిగేవాళ్లు. ఆమె ముత్తైదువో కాదో చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

యుద్ధం తర్వాతి కాలం గురించి చదువుతున్న రోజు అది. జర్మనీని రెండు ముక్కలు చేశారనీ, బెర్లిన్ నగరం నడుమ గోడ కట్టారనీ, అవతలి వాళ్లను ఇవతలికి రానివ్వడం లేదనీ, దాటబోతే కాల్చేస్తున్నారనీ గడగడా చదువుకుంటూ పోతున్నాను. సగం చుట్టిన బీడీ అవ్వ వేళ్ల మధ్య ఆగిపోయింది. అంతకుముందెప్పుడూ నన్ను ఒక్క ప్రశ్నా అడగని మనిషి, ఆ గోడ ఎంత ఎత్తుంటుంది, కావలి ఎవరుంటారు, అవతలి నుంచి ఉత్తరమైనా రాయనిస్తారా అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. ఆ బీడీ చాటలో పెట్టేసి, "మీ తాత గా గోడ అవుతల పడ్డట్టున్నడు బిడ్డా. గందుకే రాలేకపోతుండు" అంది.

యుద్ధ ఖైదీలను యుద్ధం ముగిశాక విడిచిపెట్టారనీ, గోడ కట్టింది అటు తర్వాత చాలా ఏళ్లకనీ నాకు తెలుసు. రెండూ ఆ పుస్తకంలోనే, నాలుగు పేజీల తేడాలో ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచి అవ్వ ముఖం చూశాను. ఆ ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. మా అమ్మ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది; నిజం చెప్పొద్దనా, అబద్ధమాడొద్దనా, ఇప్పటికీ నాకు తెలియదు. "ఉండొచ్చు అవ్వా" అన్నాను.

అంతే, అప్పటినుంచి మా తాతకు ఒక చిరునామా దొరికింది. రైతులు నిజాంసాగర్‌లో నీళ్లెంత ఉన్నాయని అడిగినట్టు అవ్వ నన్ను గోడ ఎట్లుందని అడిగేది. పెళ్లిళ్లలో ఎవరి చెయ్యయినా ఆగితే, ఆయన గోడ అవతల ఉన్నాడు, మా సదువుకున్న పిల్ల చెప్పింది, పుస్తకంలో ఉంది అని తానే చెప్పి నుదురు ముందుకు చాచేది. పుస్తకంలో ఉన్నదంటే ఇక ఎదురు చెప్పేదెవరు? ఆగిన చేతులు బొట్టు పెట్టేవి. నేను పాసయ్యాను, ఉద్యోగమొచ్చింది, అదే పాఠం క్లాసులో చెప్పడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చి అవ్వను చూసినప్పుడల్లా ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చేది. దిద్దుకోవడానికి రోజూ వీలుండేది, ఏ రోజూ దిద్దుకోలేదు.

ఆ గోడ పడిపోతుందని ఎవరనుకున్నారు చెప్పండి! మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, వీధికొక్క టీవీ ఉన్న కాలం, సాయంత్రం వార్తల్లో జనం గోడెక్కి చిందులేస్తున్నారు, సుత్తులతో బద్దలు కొడుతున్నారు, ముక్కూమొహం తెలియనివాళ్లను వాటేసుకుని ఏడుస్తున్నారు. లోకమంతా సంబరపడుతుంటే నాకు అవ్వ గుర్తొచ్చింది. ఎవరు చెప్పారో, అవ్వ అప్పటికే పెట్టెలోని కొత్త చీర కట్టుకుని టీవీ ఉన్న వాళ్లింటికి వచ్చేసింది. అందరికంటే ముందు, తెరకు జానెడు దూరంలో కూర్చుంది. హిందీలో ఏం చెబుతున్నారో ఆమెకు అక్కర్లేదు, ఒక్కొక్క ముఖమే చూస్తోంది. ముసలివాళ్లు కనిపిస్తే చూపు పక్కకు జరుగుతోంది, పడుచువాళ్లు కనిపిస్తే ముందుకు వంగుతోంది. అది గమనించాక నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. ఆమె వెతుకుతున్నది ఓడెక్కిన నాటి మనిషిని, ఇరవై రెండేళ్ల వాణ్ణి.

వారం పోయింది, నెల పోయింది, చలికాలం పోయి ఎండలొచ్చాయి. టీవీలో ఆ బొమ్మలు రావడం మానేశాయి. ఒక ఆదివారం నేను తల దువ్వుకుంటుంటే అవ్వ వచ్చి గడప మీద కూర్చుని, "అవుతలోళ్లందరు ఇవుతలికి వచ్చేసిండ్రా బిడ్డా? ఎవ్వలన్న ఇంక మిగిలిండ్రా?" అని అడిగింది. ఇన్నేళ్లు ఆమెను మభ్యపెట్టాను, ఇకనైనా నిజం చెప్పాలనుకున్నాను. ఎవరూ మిగలలేదన్నాను. అవ్వ నన్నొక మాటా అనలేదు. అనుంటే బాగుండేది. మర్నాడు పొద్దున చాట ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆమె నుదురు బోసిగా ఉంది, మెడ బోసిగా ఉంది, చేతులు బోసిగా ఉన్నాయి. ఎవరినీ పిలవలేదు, గాజులు తానే తీసి గూట్లో పెట్టుకుంది. అందరం ఆకులు కత్తిరించుకుంటూ ఉండిపోయాం.

ఆ తర్వాత నాలుగేళ్లకు అవ్వ పోయింది. స్నానం చేయించిన ఆడవాళ్ల మధ్య అప్పుడొక మాట లేచింది. ఆయన చనిపోవడం ఎవరు చూశారు, ముత్తైదువగానే సాగనంపాలి, పసుపు పూసి కుంకుమ పెట్టాలి అని కొందరు. తన చేత్తో తానే తీసేసుకుంది కదా, ఇప్పుడెట్లా పెడతాం అని కొందరు. బయట మగవాళ్లు తొందరపెడుతున్నారు. మా చిన్నమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నావైపు తిరిగి, "నువ్వు జెప్పు. నీ మాట మీదనే పెట్టుకున్నది, నీ మాట మీదనే తీసింది" అంది. గదిలో ఉన్న ఆడవాళ్లందరూ నా నోటివైపు చూశారు. రెండు యుద్ధాల కారణాలు, సంధులు, సరిహద్దులు కంఠతా వచ్చిన నాకు నాలుక పెగల్లేదు. ఎంతకీ నేను మాట్లాడకపోయేసరికి మా చిన్నమ్మ భరిణె మూత పెట్టేసింది. అవ్వ బోసి నుదుటితోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు రోజులు మారాయి, మంచికే మారాయి. మా వీధిలో మగడు పోయిన ఇద్దరు బొట్టు పెట్టుకుని దర్జాగా మార్కెట్‌కు పోతారు, ఎవరూ ఏందని అడగరు. దేశం కాని దేశం పోయినవాడు గంటకోసారి ఫోనులో కనిపిస్తాడు. అయినా ఆ ఐరోపా ఖండంలో మళ్లీ యుద్ధం, మళ్లీ ఖైదీలు, ఫోటోలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు. వాళ్లను చూపించినప్పుడు నేను టీవీ కట్టేస్తాను, చూసి మాత్రం ఏం చెయ్యగలను. నా బతుకులో నన్ను నిజమైన ప్రశ్న మూడుసార్లు అడిగారు, వాకిట్లో ఒకసారి, గడప మీద ఒకసారి, శవం ముందర ఒకసారి. మూడింటికీ జవాబు ఒక్కటే, నాకు తెలియదు అని. తరగతిలో పిల్లలు ఆ మాట అన్నప్పుడల్లా నిలబెట్టినదాన్ని, నేను మాత్రం ఒక్కసారీ అనలేకపోయాను.