తగ్గించి రాయండి

మా హోటల్ నేలమాళిగలో బాయిలర్ గది, దాని పక్కనే నా లాండ్రీ. ఇరవై రెండేళ్ళుగా ఆ బాయిలర్ చూసుకుంటున్న మనిషిని అందరం ఆవిరి బాబాయి అనేవాళ్ళం. రోజూ పొద్దున్నే డీజిల్ ట్యాంకులో కొలకర్ర ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ముంచి, అప్పుడు పుస్తకంలో రాసేవాడు. ఒక్క లీటరు తేడా వచ్చినా ఆయనకి అన్నం సయించేది కాదు. అంత చాదస్తం.

కిందటేడు మేనేజరు వచ్చాడు. హోటలు వదిలే పొగని లెక్క కడుతున్నారట, ఏడాదిలో పదోవంతు తగ్గాలట, దానికి ఈ పుస్తకమే ఆధారమట. "డీజిల్ తగ్గించి రాయండి," అని గుమ్మంలోంచే చెప్పి పోయాడు. తప్పుడు లెక్క రాయమంటున్నాడని బాబాయి కుమిలిపోయాడు. ఒకసారి వెళ్ళి అడగమన్నాను. పైవాళ్ళని ఎదురు ప్రశ్నలు వేస్తామా అన్నాడు. ఆ రోజు నుంచి వంద కాలితే తొంభై రాశాడు.

బాయిలర్ మాత్రం ఎప్పట్లాగే తాగింది. నా దుప్పట్లకి వేడినీళ్ళు ఎప్పట్లాగే వచ్చాయి. పైన లాబీలో పొగ తగ్గిందని పచ్చబోర్డు పెట్టారు. బాబాయి డబ్బాలో అన్నం సగం మిగిలిపోయేది.

ఏడాది చివర తనిఖీ మేడమ్ వచ్చి ట్యాంకర్ రసీదులూ పుస్తకమూ పక్కపక్కన పెట్టింది. నాలుగు వేల లీటర్లు తేడా.

"పుస్తకంలో లేదు, ట్యాంకులో లేదు. మరెక్కడుంది?"

"గాల్లో ఉందమ్మా," అన్నాడు బాబాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గదిలో అంతకంటే నిజం ఎవరూ చెప్పలేదు. తక్కువ రాశానని ఆయన మొత్తుకున్నాడు. వాడకం తగ్గించి, ఆ తర్వాత రాయమన్నానని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. పక్కగదిదాన్ని కదా, నన్నూ అడిగారు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. నాకేం తెలీదన్నాను.

డీజిల్ అమ్ముకున్నాడని తేల్చి బాబాయిని పంపేశారు. ఇరవై రెండేళ్ళు పలకరించిన వాచ్‌మన్ గేటు దగ్గర ఆయన అన్నం డబ్బా మూత తీసి చూశాడు.

వారం తర్వాత సిగ్గు చంపుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిన్ని నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, నిజం చెప్పు, అమ్ముకున్నాడా అని గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్క చుక్క కూడా అమ్మలేదు పిన్నీ. నాకు తెలుసు."

పిన్ని నా చెయ్యి వదిలేసింది.

"మరి వాళ్ళు అడిగినప్పుడు ఈ మాట ఏమయిందే?"