గొర్రెలు ఆగే రెండు రాళ్లు

మా ఆయన బీరప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కురుమ ఇంట్లో పుట్టి, గొర్రెల వెనక నడుస్తూ, నడుస్తూనే ఊలు వడుకుతూ బతికాడు. ఆయన మనసులో ఏముందో ఆయనను అడిగే కన్నా మందను చూసి తెలుసుకోవడమే తేలిక.

ఎండాకాలం వచ్చి చెరువులు ఎండితే మేము అమ్రాబాద్ మీదుగా నల్లమల ఎక్కేవాళ్లం. ఆయన మందతో ముందు, నేను జొన్నపిండి, గిన్నెలు గాడిద మీద వేసుకుని వెనక. అడవి లోపల ఒక చెంచుల పెంట ఉంది. పెంట అంటే వాళ్ల చిన్న ఊరు, కొన్ని బోదగడ్డి గుడిసెలు. దాని కింద ఎంత ఎండకూ ఎండని చెలమ. ఆ చెలమ మీదే మా మంద వేసవి దాటేది.

ఆ నీళ్లు మావి కావు. మా ఆయన తాత కాలంలో, ఒక కరువు ఏడు, పెంట పెద్దతో మాట అయింది. చెంచులు గడ్డి, నీళ్లు ఇవ్వాలి, పులి జాడ చెప్పాలి. మేము ఏటా ఒక కొత్త గొంగడి ఇవ్వాలి. తేనెపట్టు ముట్టొద్దు, పచ్చని చెట్టు కొట్టొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, చెలమకు ముందు ఉండే రెండు నిలువురాళ్ల దగ్గర మంద ఆగాలి. పెంట పెద్ద దిగి వచ్చి, దోసెడు నీళ్లు ముందుండే పొట్టేలు నొసట చల్లి, గుప్పెడు ఎండు ఇప్పపువ్వు తినిపించి, ‘హో’ అని పిలవాలి. అప్పుడే దిగాలి. మా ఆయన ఏ పొట్టేలుకైనా పిల్లప్పటి నుంచే ఇది నేర్పేవాడు. పొట్టేలు ఆగితే మంద ఆగేది.

మా కాలంలో పెంట పెద్ద బయ్యన్న. చుట్టరికం లేకున్నా మా ఆయన బయ్యన్నను మామా అని, బయ్యన్న మా ఆయనను అల్లుడా అని పిలుచుకునేవాళ్లు.

“అల్లుడా, ఈయేటి గొంగడి నా మోకాళ్ల కాడికే వచ్చింది. ఊలంత నీ పెండ్లానికే కప్పినవా ఏంది?”

“నువ్వే పొడుగు పెరిగినవ్ మామా.”

నిజాం రాజ్యం పోయింది. తర్వాత హైదరాబాదు రాష్ట్రం కూడా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. రాజ్యం మారినప్పుడల్లా అడవికి కొత్త మనుషులు వచ్చేవాళ్లు, బయ్యన్న పాత మాటే చెప్పేవాడు, నడిచిపోయేది. రాష్ట్రాలు కలిసిన మరుసటి ఎండాకాలం మాత్రం నడవలేదు. ఒక గుత్తేదారు ఆ కొండ మీది గడ్డిని హర్రాజులో పాడుకుని, చెలమ కూడా తనదే అన్నాడు. చెంచులకు అక్కడ ఏ హక్కూ లేదని, పెంటను రోడ్డు పక్కకు దింపాలని అర్జీ పెట్టాడు. విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. బయ్యన్న దగ్గర కాగితం ముక్క లేదు.

ఆఫీసరు వచ్చే ముందు రోజు గుత్తేదారు మా మంద దగ్గరకు వచ్చాడు.

“బీరప్పా, రేపు ఆఫీసరు అడిగితే ఒక్క మాట చెప్పు. మా అంతట మేమే నీళ్లు తాపుకుంటున్నం, చెంచుల్ని ఎన్నడూ అడగలేదని. ఇగ కొండంత నీదే, ఉత్తగనే మేపుకో. లేకుంటే మల్ల కొండ మొఖం చూడవు.”

మా ఆయన కదురు తిప్పుతూనే ఉన్నాడు. “రేపు మందను తోల్కొస్త. నువ్వే చూస్కో.”

అతను పోయాక నేను ఊరుకోలేదు. “గీ కొండ లేకుంటే గొర్లను ఏడికి తోల్తవ్, సంతకా?”

“నీళ్లు ఎవలియో నీకెరుక లేదా?”

“ఎరుకే. గాయినతోని పగ ఎందుకని.”

“నేనేం మాట్లాడ. గొర్లే చెప్తయి. జర అన్నం పెట్టు.”

మరునాడు ఎండ ముదిరాక ఆఫీసరు వచ్చి, ఈ నీళ్లు ఎవరివో ఇంకా తేలలేదని చెప్పి బండ మీద కూర్చున్నాడు. బయ్యన్న విల్లు పక్కన పెట్టుకుని చెట్టు కింద కూర్చున్నాడు. మా మంద వచ్చింది. రెండు రాళ్ల దగ్గర ఆగింది.

“ఎందుకు ఆపావు?” అన్నాడు ఆఫీసరు.

“నేను ఆపలే సారూ. కట్టె కింద పెట్టిన, చూడుండ్రి.”

“కొత్త మనుషుల్ని చూసి బెదిరినయి సారూ,” అని గుత్తేదారు నవ్వి, తన మనుషులతో తోలించాడు. గొర్రెలు గిరగిరా తిరిగి మళ్లీ రాళ్ల దగ్గరకే వచ్చాయి. అతనే చెలమ దగ్గర నిలబడి, చెయ్యి చాపి, బయ్యన్న లాగానే ‘హో’ అన్నాడు. పొట్టేలు చెవులు రిక్కించింది. రాళ్లు దాటి అతని దాకా పోయింది.  మంద దిగిందంటే బయ్యన్న ఊరు పోయినట్టే. పొట్టేలు ఆ చెయ్యి వాసన చూసి, ఇప్పపువ్వు లేకపోయేసరికి వెనక్కి తిరిగి వచ్చి రాళ్ల దగ్గరే నిలబడింది.

ఆఫీసరు బయ్యన్న వైపు తిరిగాడు. “నువ్వు పిలువు, చూద్దాం.”

బయ్యన్న లేవలేదు. “ఈ నీళ్లు ఎవలియో తేలలేదంటిరి గద సారూ. నాయి కాని నీళ్లకు నేనెట్ల పిలుస్త?”

గొర్రెలు అరుస్తున్నాయి. మా ఆయన తలపాగా తీసి బయ్యన్న ముందు నిలబడ్డాడు.

“మామా, గొర్లు దూప మీదున్నయి. మా తాత అడిగినట్టే అడుగుతున్న. నీ నీళ్లు తాపుకుంటం.”

“అడిగినోనికి ఎన్నడన్న కాదన్ననా అల్లుడా?”

బయ్యన్న లేచి దోసెడు నీళ్లు తెచ్చాడు. పొట్టేలు నొసట చల్లి, ఇప్పపువ్వు పెట్టి పిలిచాడు. మంద మొత్తం ఒక్కసారిగా దిగింది.

 ఆఫీసరు బండ దిగి వచ్చి, “బయ్యన్నా, నాకూ దాహంగా ఉంది. తాగవచ్చా?” అని అడిగాడు.

“గొర్లు ముందుగల అడిగినయి సారూ. అవి తాగినంక మీరే.”

ఆఫీసరు నవ్వి ఆగాడు.

చెలమను, దాని చుట్టూ ఉన్న వాలును గుత్తలోంచి తీసేశారు. పెంట కదలలేదు. గుత్తేదారు మాత్రం మాకు పైకొండ గడ్డి దక్కనివ్వలేదు. ఆ ఏడు బక్కచిక్కిన మందతో దిగాం. 

నిరుడు వానాకాలంలో ఆయన పోయాడు. వడికిన ఊలు ఇంట్లో మిగిలింది. దానితోనే గొంగడి నేయించి, ఈ ఎండాకాలం మా మరిది మందను తోలితే నేనే తీసుకుపోయాను. మంద రెండు రాళ్ల దగ్గర ఆగింది, బయ్యన్న కర్ర పట్టుకుని మెల్లగా దిగాడు. గొంగడి విప్పి భుజాన వేసుకున్నాడు. పాదాల దాకా వచ్చింది.

“ఈసారి పొడుగు నేయించినవ్ బిడ్డా.”

“మీ అల్లుడు వడికిందే బాపూ. అంతా దీనికే పెట్టిన.”

 బయ్యన్న మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ గొంగడి కప్పుకునే పోయి దోసెడు నీళ్లు తెచ్చాడు. నేను చేతిలోని కట్టె కింద పెట్టాను. ఆయన పిలిచాడు. మంద దిగింది.