నన్ను నమ్మొద్దనే వీరేందర్

మునులు సత్యవాక్కు కోసం తపస్సు చేసిన యుగాలు గడిచిపోయి, ప్రతి ప్రకటనా, ప్రతి ఫోన్ మోతా తన్ను నమ్మమని మన గడప తొక్కుతున్న ఈ కలికాలంలో, టేకులపల్లి అడవి అంచు పల్లెలు తిరుగుతూ, తాను స్వహస్తాలతో నిర్మించిన యాప్‌ను చూపి, "దీన్ని నమ్మొద్దు, నన్ను అసలే నమ్మొద్దు" అని బోధించే మహానుభావుడు మా వీరేందర్ ఒక్కడే.

బొగ్గుగనిలో కొలువు చేసినన్నాళ్లూ పైకప్పును కర్రతో తట్టి, మోత విన్నాకే అడుగు వేసినవాడు. విరమణ తరువాత యాప్‌లు చేయడం నేర్చాడు. ప్లే స్టోర్ బయటి యాప్‌ను ఎక్కించబోతే ఫోన్ హెచ్చరిస్తుంది. లోకులు ఆ హెచ్చరికను ఈగలా తోలేస్తారు. వీరేందర్ మాత్రం దాని ముందు ముద్దాయిలా నిలబడి, తనను ప్రశ్నించమంటాడు.

తిరుమలాయపాలెంలో వియ్యపురాలు తొందరపడి 'సరే' నొక్కినందుకు, యాప్ తీసివేసి మళ్లీ మొదటి నుంచి ప్రశ్నలడిగించాడు.

"పిల్లనిచ్చినప్పుడు గూడ మిమ్మల్ని గిన్ని అడగలే బావగారూ" అని వియ్యంకుడు వాపోయాడు.

"అడగకపోవుడే తప్పు" అన్నాడు వీరేందర్.

ఈ వానకాలం నేను పురాణ ప్రవచనానికి ఒక గూడేనికి వెళ్లాను. అతడూ తడుస్తూ వచ్చాడు. అప్పుడే ఆ గూడెపు అనంతమ్మ కోడలు జ్యోత్స్నకు నొప్పులు మొదలయ్యాయి. దవాఖానాకు పోవాలంటే వాగు దాటాలి. పక్కింటి రాజేష్ ట్రాక్టర్ తెచ్చాడు. కానీ నడివాగులో ఉండగా ఎగువ వరద వచ్చిపడితే ట్రాక్టరూ దక్కదు, మనుషులూ దక్కరు. ఎగువ కల్వర్టు దగ్గర వీరేందర్ అమర్చిన యంత్రం నీటిమట్టాన్ని అతని యాప్‌కు పంపుతుంది. అతని ఫోనేమో వానకు తడిసి మూగబోయింది. యాప్ ఉన్న మెమరీ కార్డును అనంతమ్మ ఫోన్‌లో వేశాడు.

'ఈ యాప్ ఎక్కడిదో తెలియదు. మీ ఫోన్‌కు హాని చేయవచ్చు' అన్నది తెర.

"నొక్కన్నా, జల్దీ" అన్నాడు రాజేష్, ఇంజన్ ఆపకుండా.

"ఫోన్ ఆమెది. అక్కా, హాని జేస్తదంటున్నది. నన్ను అడుగు."

"ఏందడిగేది? పిల్ల మూలుగుతుంటే."

"ఎవరు చేసిన్రు, ఎందుకు చేసిన్రు, నా ఫోన్ల ఏం జూస్తరని అడుగు."

ఈ యక్షప్రశ్నలకు నేను అడ్డుపడ్డాను. "వీరేందర్, ఆపద్ధర్మమని ఒకటున్నది నాయనా."

"ఉన్నది పంతులుగారూ. దొంగ గూడ ఆపదలనే వస్తడు."

లోపలి నుంచి జ్యోత్స్న పళ్లు బిగించి అన్నది: "అత్తా, అడిగెయ్యే. లేకుంటే ఆయన కదలడు."

అనంతమ్మ అడిగింది. తానే చేశానని, నీటిమట్టం చూపడానికని, మరేమీ చూడనని అతడు బదులిచ్చాడు. ఆమె నొక్కింది. యాప్ తెరుచుకుంటూనే మరో ప్రశ్న: 'మీ ఫోన్‌లోని పేర్లు, నంబర్లు చూడనివ్వాలా?'

అనంతమ్మ వేలు ఆగింది. "నీళ్లు జూసేటోనికి మా సుట్టాలెందుకు? ఏమీ చూడనంటివి గదా."

వీరేందర్ తెల్లబోయాడు. "వరదొస్తే అందరికి కబురు పోవాలని పెట్టిన. చెప్పుడు మరిచిన. నీకిష్టం లేకుంటే వద్దను."

ఆమె 'వద్దు' నొక్కింది. తన సృష్టిని తిరస్కరించినందుకు అంతగా మురిసిపోయిన సృష్టికర్తను నేనెక్కడా చూడలేదు.

తెరపై నీటిగీత తక్కువలోనే ఉన్నది, కానీ పైకి పాకుతున్నది. "ఇప్పుడే. ఆలస్యమైతే కాదు" అన్నాడతడు. అత్తాకోడళ్లతో ట్రాక్టర్ వాగులో దిగింది. చక్రాలు సగం మునిగాయి. నేను నామస్మరణ మరిచి ఆ చక్రాలనే చూస్తూ నిలిచాను. బండి ఆవలి గట్టెక్కిన కొద్దిసేపటికే ఎర్రనీళ్లు చెట్టుకొమ్మలతో సహా వచ్చిపడ్డాయి.

భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. మేమిద్దరం చూడబోయినప్పుడు అనంతమ్మ ఫోన్ మోగింది. పాపకు ప్రభుత్వ సొమ్ము వస్తుందనీ, తాము పంపే యాప్ ఎక్కించుకోమనీ ఎవరో తీయగా చెబుతున్నారు.

"ఎవరు చేసిన్రు బిడ్డా అది? నా ఫోన్ల ఏం జూస్తవు? మీ అమ్మ పేరేంది?" అని ఆమె మొదలుపెట్టింది. అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

"అమ్మ పేరు నేను నేర్పలే" అన్నాడు వీరేందర్ నెమ్మదిగా. తరువాత నా వైపు తిరిగాడు. "నేనంటే ఒక్కపారి వచ్చి పోతా పంతులుగారూ. ఈ దొంగలు రోజూ ఫోన్ జేస్తరు."

భద్రాద్రి రామయ్య వీరేందర్‌కు నిండు ఆయుష్షును, అతని ఇంటికి ధాన్యసమృద్ధిని, సంతతికి సద్బుద్ధిని, అతనితో కాపురం చేస్తున్న ఇల్లాలు తిరుమలకు మరింత ఓపికను అనుగ్రహించుగాక.